చక్రం దుర్భిణి, నక్షత్రం దుర్భిణి

"నా దుర్భిణి బాగయ్యేదాకా నేను అన్నం తినను. ఒకసారి చెప్పాను, మళ్ళీ చెప్పను," అని అత్తగారు మళ్ళీ చెప్పింది.

కోడలు తలెత్తలేదు. ఎత్తే వీల్లేదు. ముందుగదిలో కిటికీ పక్కన పనిబల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పాత దుర్భిణి కుడి గొట్టం మూత విప్పి, లోపలి ప్రిజాన్ని వేలికొసలతో పైకి లేపుతోంది. చూపును లోపలే మలుపులు తిప్పి కంటికి చేర్చే అద్దపు దిమ్మ అది. గొట్టానికి రెండేసి ఉంటాయి. చెయ్యి జారితే అంతే సంగతులు.

"అన్నం మీద అలకెందుకమ్మా? నా మీద అలుగు," అన్నాడు సరంగు గుమ్మంలోంచి. ఆవిడ కొడుకే, ఏటి మీద లాంచీ నడిపే మనిషి. రెండు ట్రిప్పుల మధ్య భోజనానికి వచ్చి, చెప్పులు విప్పకముందే నోరు విప్పాడు. అవతలి గట్టు పెద్దమ్మ తన కూతురి ఊరికి వెళ్ళిపోయేది వచ్చే వారం కాదట, ఇవాళేనట. సామాను బండి అప్పుడే వాకిట్లోకి వచ్చేసిందట.

"నేనెవరి మీదా అలగలేదు. అవతలావిడ ఎక్కడికి పోతే నాకేం? నా దుర్భిణి బాగవ్వాలి, ఇసుకతిప్ప మీద కొంగల్ని చూసుకోవాలి. అంతే."

"కొంగలెక్కడికీ పోవడం లేదు కదమ్మా. నింపాదిగా చూసుకోవచ్చు."

"ఆ కొంగల్ని నేను ఇవాళే చూడాలి!"

సరంగు భార్య వైపు చూశాడు. భార్య ప్రిజం వైపు చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు బయటపడితే ఇంట్లో ఎవరికీ అన్నం ఉండదు.

అవతలావిడ అంటే మరెవరో కాదు, అత్తగారి సొంత అక్క. ఏరు దాటగానే ఆవిడ మేడ. ఇక్కడి కిటికీలోంచి చూస్తే అగ్గిపెట్టంత కనిపిస్తుంది. అక్క పేరెత్తితే కస్సుమనే అత్తగారు, ఎంత ఎండ కొట్టినా ఆ కిటికీ మాత్రం మూయనివ్వదు. కన్నకొడుకు నడిపే లాంచీ అయినా, అది పోయేది అవతలి గట్టుకే కాబట్టి ఇంతవరకూ అందులో కాలు పెట్టలేదు. పంతమంటే అలా ఉండాలి మరి.

ఈ పంతానికంతటికీ మూలం బల్ల మీద ముక్కలుగా పడి ఉన్న ఈ దుర్భిణే.

"అమ్మాయ్, ఎంతవరకొచ్చింది?" అత్తగారు కుర్చీ లాక్కుని బల్ల దగ్గరికి జరిగింది.

"కుడి గొట్టం అయిపోయినట్టే అత్తయ్యా. ఇన్నేళ్ళు పెట్టెలో ఉంది కదా, అద్దాల మీద బూజు పట్టింది. స్పిరిట్‌తో తుడిస్తే పోయింది. నడిమి కీలులో గ్రీజు మాత్రం రాయిలా బిగుసుకుపోయింది."

"మనుషులే బిగుసుకుపోయారు, గ్రీజెంత!" అన్నాడు సరంగు.

"నువ్వు పోయి అన్నం తినరా."

"నువ్వు తినందే నేనెలా తింటానమ్మా?"

"రోజూ ఎలా తింటున్నావో అలాగే తిను!"

కోడలు ఎడమ గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. మూత విప్పబోయి, చెయ్యి ఆపింది. మూతకున్న చిన్న స్క్రూల మీద భూతద్దం పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

ఈ పని ఆమెకు నేర్పింది మామగారు. ఆయన పోయాక బల్ల ఆమెదైంది. దుర్భిణులూ, కెమెరాలూ, కొలతల అద్దాలూ ఎక్కడెక్కడి నుంచో ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. మామగారికో అలవాటుండేది. ఏ మూత బిగించినా స్క్రూ తలల మీది గాడులన్నీ నిలువుగా, ఒకే వరసలో నిలబెట్టేవాడు. అలా నిలబడకపోతే విప్పి మళ్ళీ బిగించేవాడు. "ఎవరు చూస్తారు మామయ్యా?" అని కొత్తలో ఆమె అడిగితే, "మళ్ళీ విప్పేవాడు చూస్తాడమ్మా," అన్నాడు. కుడి మూత విప్పేటప్పుడు స్క్రూలు అలాగే ఉన్నాయి. ఎడమ మూతవి మాత్రం తలో దిక్కూ చూస్తున్నాయి.

"అత్తయ్యా, దీన్ని మామయ్య కాకుండా ఇంకెవరైనా విప్పారా?"

"ఎవరు విప్పుతారు? విప్పనిస్తేగా! ఆ గొడవైన రోజే తోలుపెట్టెలో పెట్టి తాళం వేశాను. మళ్ళీ దీన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే అన్నాను. పాపం, ఆ మహానుభావుడు చచ్చేదాకా ముట్టుకోలేదు."

"గొడవ ఏమని మొదలైంది?"

అత్తగారు కొంగు సర్దుకుంది. చెప్పనంటే చెప్పనని భీష్మించుకునే మనిషి, చెప్పడం మొదలుపెడితే ఆగదు. "నాన్న మా ఇద్దరికీ చెరో దుర్భిణి ఇచ్చాడు. ఓడరేవులో పనిచేసేవాడు కదా, ఎక్కడ సంపాదించాడో. రెండూ ఒకటే, అచ్చుగుద్దినట్టు ఒకటే అనేవాడు. పెళ్ళిళ్ళయి చెరో గట్టునా పడ్డాక, పొద్దున్నే మేడెక్కి ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. అక్క తల దువ్వుకుంటూ కనిపించేది. ఇవాళ ఏం చీర కట్టిందో కూడా నాకు తెలిసేది. ఓసారి రెండూ శుభ్రం చేయమని మీ మామయ్యకిచ్చాం. చేశాక చూస్తే నాది ప్రతిదీ రెండుగా చూపించింది. దానిదీ అంతేనట. వచ్చి ఏమందో తెలుసా? మీ ఆయన నా మంచి అద్దాలు కాజేసి మీ దాంట్లో పెట్టుకున్నాడంది! నా మొగుణ్ణి దొంగన్నట్టేగా?"

"మరి నువ్వేమన్నావమ్మా?" అన్నాడు సరంగు.

"గుమ్మం అటు అన్నాను."

వీధిలో సైకిల్ బెల్లు మోగి ఆగింది.

కోడలు ఎడమ మూత విప్పింది. లోపలి ప్రిజాన్ని తీయబోతే అది పైకి రాలేదు, గూట్లో ఓరగా ఇరుక్కుపోయి ఉంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా కదిపి బయటికి తీసింది. కుడివైపు ప్రిజం పక్కన నిలబెట్టింది. ఎడమది గోరంచంత ఎత్తుగా ఉంది. కిందనున్న రెండోదాన్నీ తీసింది. అదీ అంతే.

అప్పుడు వాటి అంచులు చూసింది. మామగారు ప్రిజం తీసే ముందు దాని గరుకు అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాడు. బల్ల మీద రెండు దుర్భిణులుంటే ఒకదానికి గీతలు, రెండోదానికి చుక్కలు. కలిసిపోకుండా అన్నమాట. కుడి గొట్టం ప్రిజాల మీద గీతలున్నాయి. ఎడమ గొట్టం ప్రిజాల మీద, శుభ్రంగా, గుండ్రంగా, చుక్కలున్నాయి.

కోడలు నాలుగు ప్రిజాలనూ గుడ్డ మీద వరసగా పెట్టింది.

"అత్తయ్యా, బాగా గుర్తు చేసుకుని చెప్పండి. పెద్దత్తయ్య దుర్భిణి కూడా ఇలాగే ఉండేదా? ఇదిగో, ఈ నడిమి కీలు మీద చిన్న చక్రం ముద్ర ఉంది చూడండి. పొద్దున బ్రష్‌తో మురికి తోమితే బయటపడింది."

అత్తగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "చక్రమా? ఉండేది, ఉండేది. అవతలావిడదాని మీద నక్షత్రం ఉండేది. నాకు నక్షత్రమే కావాలని నేను ఏడిస్తే నాన్న, బొమ్మదేముందే, లోపల రెండూ ఒకటే అన్నాడు."

"ఒకటి కాదత్తయ్యా." కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చక్రం వేసే కార్ఖానా వేరు, నక్షత్రం వేసే కార్ఖానా వేరు. పైకి ఒకలాగే ఉంటాయి. లోపల గూళ్ళ కొలత వేరు, అద్దాల ఎత్తు వేరు. మీరిద్దరూ నాది గొప్పదంటే నాది గొప్పదని కొట్టుకుంటారని తాతగారు అలా చెప్పి ఉంటారు."

"కొట్టుకోకూడదనే చెప్పాడా! ఎంత బాగా కుదిరిందో!" సరంగు పకపకా నవ్వాడు.

అత్తగారు నవ్వలేదు. ఆవిడ చూపు బల్ల మీది నాలుగు ప్రిజాల మీదే ఉంది. తెలివైన మనిషి. ఈ బల్ల పక్కన జీవితమంతా గడిపిన మనిషి.

"ఆ చుక్కలవి దానివి కదూ?" అంది మెల్లగా.

"అవునత్తయ్యా."

"నావి దాని దగ్గరున్నాయి."

"అవునత్తయ్యా. ఎవరూ ఏమీ కాజేయలేదు. సగం సగం మారిపోయాయి. అంతే."

"అయితే... తప్పు మీ మామయ్యదన్నమాట."

ఆ మాట అనడానికి కోడలికి నోరు రాలేదు. ఆయన చెయ్యి తప్పు చేయడమా? ఆ చేతి కింద ఇన్నేళ్ళు పని నేర్చుకుంది. అవునంటే ఆయన పరువు పోతుంది, కాదంటే అక్కాచెల్లెళ్ళ మాట కలవదు. తుడిచిన ప్రిజాన్నే మళ్ళీ తుడిచింది.

అత్తగారు కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ కూర్చుంది. సరంగు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. లాంచీ టైమవుతోందని చెప్పడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

ఉన్నట్టుండి అత్తగారు నుదురు కొట్టుకుంది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఒరేయ్, ఆ రోజు కదరా నువ్వు పుట్టింది!"

"నేనా?"

"నువ్వు కాక నీ తాతా? ఆయన ఇదే బల్ల దగ్గర కూర్చుని రెండూ విప్పి పెట్టాడు. నేను ఆ గుమ్మంలో నిలబడి, ఏవండీ, నొప్పులొస్తున్నాయండీ అన్నాను. ఆ మనిషి లేచిన లేవడం, కుర్చీ అటు, చెప్పులు ఇటు! ఒక కాలికి నా చెప్పేసుకుని ఆస్పత్రికి వచ్చాడు. నర్సులందరూ నవ్వారు. కొడుకు పుడతాడన్న సంబరంలో ఏది ఎందులో పెట్టాడో!" చెబుతూ చెబుతూ ఆవిడే నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "అంత జాగ్రత్త గల మనిషి బతుకులో ఒక్కసారే తప్పు చేశాడు. అదీ వీడి కోసం!"

"అంటే ఇన్నేళ్ళ గొడవకీ కారణం నేనేనా?" సరంగు తల పట్టుకున్నాడు. "అన్నీ చేసి, నేనేమో రోజూ పెద్దమ్మ ఇచ్చే మిఠాయిలు తింటూ కూర్చున్నాను!"

"ఏంటీ? రోజూనా?"

"అబ్బే... అప్పుడప్పుడూ."

"దొంగ వెధవా! ఒక్కటైనా ఇంటికి తెచ్చావట్రా?" అత్తగారు కుర్చీలోంచి లేచింది. "అమ్మాయ్, మూతలు బిగించు. నీ లాంచీ ఎప్పుడ్రా?"

"ఇప్పుడేనమ్మా. కానీ నువ్వు..."

"కానీ లేదు, అర్ధణా లేదు. నా అద్దాలు దాని దగ్గరున్నాయి. నేను తెచ్చుకోవద్దూ?"

ఆవిడ చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "తెల్లదా, పచ్చదా?" అని అడిగింది. జవాబు వినకుండానే పచ్చదే అని నిర్ణయించేసుకుంది. అన్నం సంగతి అందరూ మరిచిపోయారు.

లాంచీ రేవు వదిలేసరికి అత్తగారు ముందు బల్ల మీద చిన్నపిల్లలా కూర్చుని ఉంది. కొడుకు సరంగు గదిలోంచి తొంగిచూసి హారన్ కొట్టాడు. "మా అమ్మ! మొదటిసారి ఎక్కింది!" అని ప్రయాణికులందరికీ చాటాడు. "నోర్మూసుకుని తోలరా," అందావిడ. కానీ మొహం వెలిగిపోతోంది.

కోడలి ఒళ్ళో తోలుపెట్టె, అందులో దూదిలో చుట్టిన రెండు చుక్కల ప్రిజాలు ఉన్నాయి. దుర్భిణిలో ఎడమ గొట్టం ఖాళీ. కుడిది మాత్రం సిద్ధం.

"ఇదిగో అత్తయ్యా, కుడికన్నుతో చూడండి. ఎడమ కన్ను మూసుకోండి."

అత్తగారు దుర్భిణి ఎత్తింది. ముందు నీళ్ళు చూసింది, తర్వాత ఇసుకతిప్ప చూసింది. "అదిగో కొంగ," అంది మాట నిలబెట్టుకోవడానికి. ఆ తర్వాత గొట్టం నెమ్మదిగా మేడ వైపు తిరిగింది, అక్కడ ఆగిపోయింది.

"ఏమైందత్తయ్యా?"

"మేడ మీద ఉందే."

"ఏం చేస్తున్నారు?"

"దాని చేతిలో దుర్భిణి ఉంది. నక్షత్రం దుర్భిణి. నావైపే చూస్తోంది." "ఒక కన్ను మూసుకుని చూస్తోందే అమ్మాయ్. అచ్చం నాలాగే. అంటే ఇన్నేళ్ళూ ఒంటికన్నుతో నా కిటికీ వైపు చూస్తూనే ఉందన్నమాట."

కోడలు అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ చెయ్యెత్తి ఊపింది. అవతల నుంచి ఏ జవాబూ రాలేదు కాబోలు, చెయ్యి దించేసింది. మరుక్షణం ఎగిరిపడింది.

"వెక్కిరిస్తోందే! నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది! ఈ వయసులో సిగ్గు లేదా దీనికి!" అంటూనే తానూ ఇంత నాలుక బయటపెట్టింది. పక్కన కూర్చున్న కూరగాయల గంపల మనిషి బిత్తరపోయి అటు జరిగాడు.

నవ్వులు ఆగాక అత్తగారు మాటల్లో పడింది. సంతోషం పట్టలేకపోతే ఆవిడ అన్నీ చెప్పేస్తుంది. అక్క జడ, అక్క పాటలు, అక్కతో కలిసి దొంగతనంగా కోసిన జామకాయలు. "ఆ రోజు నా పురుటికి తోడుగా వచ్చి ఉంది కూడా అదే కదా. మీ మామయ్య నన్ను రిక్షాలో ఎక్కించుకుని బయలుదేరితే, ఇంట్లో ఉండిపోయి అన్నీ సర్దింది అదే. బల్ల మీద ఉన్నవి ఉన్నట్టు వదిలేసి వచ్చానే అని ఆయన దారంతా ఒకటే కంగారు. అది నిమ్మళంగా ఇల్లు సర్ది, తాళం వేసి, రెండు దుర్భిణులూ పెట్టెల్లో పెట్టి మరీ వచ్చింది. అలాంటి మనిషిని గుమ్మం అటు అన్నాను చూడు!"

కోడలి వేళ్ళు పెట్టె మూత మీద బిగుసుకున్నాయి.

ఉన్నవి ఉన్నట్టు వదిలేసి వచ్చాడు. అంటే మూతలు బిగించలేదు. కుడి మూత అప్పటికే బిగించి ఉంటాడు, అందుకే దాని స్క్రూలు నిలువుగా ఉన్నాయి. రెండు దుర్భిణుల ఎడమ గొట్టాలూ తెరిచే ఉండి ఉంటాయి. ప్రిజాలు గుడ్డ మీదే ఉండి ఉంటాయి. చుక్కలేమిటో గీతలేమిటో తెలియని మనిషెవరో వాటిని గూళ్ళలో కూర్చోబెట్టి, స్క్రూలు తలో దిక్కూ తిప్పి బిగించారు.

మామగారి చెయ్యి తప్పు చేయలేదు!

ఆ సంతోషం గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అత్తగారు అప్పటికే లేచి నిలబడి, రెండు చేతులూ గాల్లో ఊపుతోంది. రేవు మెట్ల మీద, పెద్ద బొట్టుతో, ఒక చేతిలో తోలుపెట్టె, మరో చేత్తో కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక ముసలావిడ గబగబా దిగి వస్తోంది. వెనకాల సామాను బండివాడు "అమ్మగారూ, నిదానం!" అని అరుస్తూ పరిగెడుతున్నాడు.

లాంచీ ఇంకా సరిగ్గా ఆగనే లేదు, అత్తగారు దూకేసింది. "అమ్మా!" అని సరంగు కేక పెట్టాడు. ఆవిడ వినలేదు.

"అక్కా!"

ఇన్నేళ్ళూ అవతలావిడ అన్న నోటితో ఆ మాట అనేసరికి, తర్వాతి మాటలు వాటంతటవే వచ్చేశాయి. "అక్కా, తప్పు మా ఆయనదేనే! ఆ రోజు కంగారులో నీ అద్దాలు నాకూ, నా అద్దాలు నీకూ పెట్టేశాడట. నా కోడలు విప్పి చూసింది. నువ్వు చెప్పింది నిజమే. నీ అద్దాలు నా దగ్గరే ఉన్నాయి. నన్ను క్షమించవే!"

అక్క అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని, పచ్చచీర వైపు చూసి నవ్వుతోంది. ఆ నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆవిడ చూపు చెల్లెలి భుజం మీదుగా వచ్చి, పెట్టె పట్టుకుని నిలబడ్డ కోడలి మీద నిలిచింది.

"విప్పింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనే పెద్దత్తయ్యా."

"ఎడమ మూత స్క్రూలు చూశావా?"

కోడలు తలూపింది.

"ఎలా ఉన్నాయో చూసి కూడా నువ్వు దీనికి చెప్పలేదు," అంది అక్క. కోపంగా కాదు. ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న మనిషి ఎట్టకేలకు గుమ్మంలో కనిపించినట్టు చూసింది ఆమె వైపు.

"ఏం స్క్రూలు? ఏం చెప్పలేదు?" అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

అక్క వెనక్కి తిరిగి బండివాణ్ణి పిలిచింది. "సామాను దించెయ్ బాబూ. ఇవాళ ప్రయాణం లేదు." ఆ తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "ఇంట్లోకి పద. నీకో మాట చెప్పాలి. అది విన్నాక కూడా నన్ను అక్కా అని పిలుస్తావో, గుమ్మం అటు అంటావో, నీ ఇష్టం."

"అబ్బో! నీ ఇంట్లో నిలబడి నీకే గుమ్మం చూపిస్తానా?" అంటూ అత్తగారు నవ్వింది. నవ్వు మధ్యలో సన్నబడింది. కానీ అక్క చెయ్యి మాత్రం వదల్లేదు. మెట్లన్నీ అలాగే ఎక్కారు. చుక్కల ప్రిజాలున్న పెట్టె పట్టుకుని కోడలు వెనక నడిచింది.